తడికల లోపలి గోడ

నాకు కోపం ఎక్కువ. ఇప్పుడు కాస్త తగ్గిందని ఇంట్లో అంటారు కానీ, ఆ రోజుల్లో ఎవరైనా నా గోడను వంకర అన్నారంటే ఆ పూటకు వాళ్ళతో నాకు మాటలుండేవి కావు. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ బయటికి తీయలేదు. తీస్తే నా గోడ వంకర అని నా నోటితో నేనే చెప్పుకోవాలి.

మాది అత్తిముగం దగ్గర చిన్న ఊరు. మా నాయన రాతిగోడలు కట్టే మేస్త్రీ. నేను ఎనిమిదో క్లాసు దాకా హోసూరులో చదివి, ఇక చాలనుకుని ఆయన చేతిలో తాపీ నా చేతిలోకి తీసుకున్నాను. యాభైల నడుమ కృష్ణగిరి దగ్గర ఆనకట్ట కడుతున్నప్పుడు మా వైపు మేస్త్రీలందరూ అక్కడికే పోయారు. నేనూ పోయాను. ఆ పని అయిపోయాక కృష్ణగిరి పట్నంలోనే ఇళ్ళ పనులు దొరకసాగాయి, ఉండిపోయాను. నేను రాయి పేర్చేవాణ్ణి, నా భార్య సున్నం గంప తలమీద మోసి అందించేది. ఆమె మా మేనమామ కూతురే. చిన్నప్పుడు బావా అని పిలిచేది, పెళ్ళయ్యాక కూడా ఆ పిలుపే నిలిచిపోయింది. చిన్నప్పుడు నన్ను ఎట్లా వెక్కిరించేదో పెళ్ళయ్యాక కూడా అట్లాగే వెక్కిరించేది.

గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి మాకు ఉండేది గుండు. దారానికి కట్టిన ఇనుప బరువు, అంతే. గోడ పైనుంచి వదిలితే దారం నిలువుగా దిగుతుంది. దారానికీ గోడకీ మధ్య సందు పైనా కిందా ఒక్కటిగా ఉంటే గోడ సరిగ్గా ఉన్నట్టు. మా వైపు మేస్త్రీలు మూలలకు మాత్రం గుండు వేసి, నడిమి గోడంతా కంటితోనే లేపేవాళ్ళు. నేను మూలలు కూడా కంటితోనే లేపేవాణ్ణి. లేపాక నలుగురూ చూస్తుండగా గుండు వదిలేవాణ్ణి. దారం తేడా లేకుండా దిగేది. అప్పుడు బీడీ ముట్టించి, ఏమీ ఎరగనట్టు పక్కకు చూసేవాణ్ణి. అదేం గొప్ప అని ఇప్పుడనిపిస్తుంది గానీ, అప్పుడు అదే నా బతుకంతా.

ఒక ఏడు వానల్లో తడిసి ఎడమ చెవిలో చీము పట్టింది. వెల్లుల్లి కాచిన నూనె పోశారు. తగ్గలేదు. జ్వరం వచ్చింది. నాలుగో రోజు పొద్దున కళ్ళు తెరిస్తే ఇల్లు గిర్రున తిరిగింది. దూలం నామీదికి వచ్చి, మళ్ళీ పోయి, మళ్ళీ వచ్చింది. మంచం కోడు రెండు చేతులతో పట్టుకుని వాంతి చేసుకున్నాను. అట్లా వారం రోజులు. ఆ తర్వాత తిరగడం ఆగింది, చెవి కాస్త మందగించింది, నేను లేచి నడిచాను. పోయిందిలే అనుకున్నాం.

పోలేదు. పగటిపూట కళ్ళు తెరుచుకుని ఉన్నంతసేపూ బాగానే ఉండేది. కళ్ళు మూస్తే మాత్రం నేల ఎటుందో తెలిసేది కాదు. ఒకరోజు తలకు సీకాయ రుద్దుకుని, మంట పుట్టి కళ్ళు గట్టిగా మూశాను. మరుక్షణం నీళ్ళ తొట్టి పక్కన వెల్లకిలా పడి ఉన్నాను. చప్పుడు విని నా భార్య పరుగెత్తుకొచ్చింది. రాయి పాచి పట్టిందని రాయిని తిట్టాను. ఆమె కూడా రాయిని తిట్టి, బూడిదతో తోమిపెట్టింది. ఆ అబద్ధం నాకు అప్పుడు చాలా సులువుగా వచ్చింది. నిలబడటం చేతకాని మేస్త్రీని పరంజా ఎవరు ఎక్కిస్తారు?

ఆ సంగతి అట్లా దాచుకునే, కొండ వైపు వాలులో ఒక ఇంటి పని ఒప్పుకున్నాను. ఇంటాయన మామిడికాయల వ్యాపారి, మంచివాడు, కానీ దిష్టి అంటే మహా భయం. కట్టే ఇంటికి బూడిద గుమ్మడికాయో గడ్డిబొమ్మో కట్టడం అందరూ చేసేదే. ఆయనకు అది చాలలేదు.

"మేస్త్రీ, ఈ రోడ్డులో పొయ్యే బస్సుల్లో ఎన్ని కండ్లుంటాయో నీకు తెలుసునా? నా ఇల్లు అయ్యేదాకా ఒక్క కన్ను గూడా పడకూడదప్పా" అన్నాడు.

పునాది మట్టం నేను చూసుకున్న మరుసటి వారమే తన తోట కూలీలను పిలిపించి, ఇంటి చుట్టూ సవుకు కర్ర గుంజలు పాతించాడు. గుంజలకు మనిషికి రెండింతల ఎత్తున కొబ్బరాకు తడికలు కట్టించాడు. ఎండ తగలకుండా పైన కూడా పందిరి వేయించాడు. లోపలికి పోవడానికి ఒక్క సందు. లోపల నిలబడితే కొండ కనబడదు, రోడ్డు కనబడదు, పక్కిల్లు కనబడదు. నీడగా ఉంది, చల్లగా ఉంది, నాకూ నచ్చింది.

ఆ కూలీలు ఎప్పుడూ మామిడితోటలకు కంచెలు కట్టేవాళ్ళు. వాలు నేలలో కంచె గుంజను వాళ్ళు నేలకు మూలమట్టంగా పాతుతారు. అంటే నేల ఎంత వాలితే గుంజ కూడా అంత వాలుతుంది. కంచెకు దాంతో వచ్చే నష్టమేమీ లేదు. ఇక్కడ కూడా అట్లాగే పాతారు. చుట్టూ గుంజలన్నీ ఒకే తీరుగా వీధివైపు ఒరిగి ఉన్నాయి, తడికల అల్లిక వాటితో పాటే ఒరిగింది, పందిరి వాలు వెంబడే దిగింది. అన్నీ కలిసి ఒరిగితే ఒరిగినట్టు ఎవరికి తెలుస్తుంది? నాకు తెలియలేదు. మంచి చెవులున్నవాడికి కంటికి తెలియకపోయినా ఒళ్ళు చెప్పేదేమో. నా ఒళ్ళు ఆ మాట చెప్పడం మానేసి అప్పటికి రెండు నెలలైంది.

వీధి గోడ మొదలుపెట్టాను. నడుము ఎత్తు, రొమ్ము ఎత్తు, తల ఎత్తు. రాళ్ళు బాగా దొరికాయి, చేయి బాగా సాగింది. ఎంత బాగా కడుతున్నానో అని నాకు నేనే మురిసిపోయాను.

నా భార్యకు మాత్రం ఆ తడికల్లోకి రావడం మొదటి రోజునుంచీ ఇష్టం లేదు.

"బావా, దీంట్లోకి వస్తానే తలకాయ తిప్పినట్టుంటాది. తలమీద గంప పక్కకు జారతాదేమో అని భయమైతాది" అంది.

"పొద్దున సంగటి తినకుండా వచ్చుంటావు."

"తినే వచ్చినాను. నీకంటే ఒక ముద్ద ఎక్కువే తిన్నాను."

నాకు కోపం వచ్చింది. నోరు మూసుకుని సున్నం తెమ్మన్నాను. ఆమె తెచ్చింది. కానీ ఆ రోజునుంచి గంపతో లోపలికి వచ్చేటప్పుడు ఆమె కళ్ళు సగం మూసుకుని, కాళ్ళతో నేలను తడుముకుంటూ నడిచేది. నన్ను ఏడిపించడానికే అట్లా చేస్తోందనుకున్నాను.

గోడ తలదాటి మూరెడు లేచాక, అలవాటు ప్రకారం గుండు తీశాను. ఇద్దరు కూలీలు, ఇంటాయన చూస్తున్నారు. పైనుంచి వదిలాను. గుండు ఊగి ఊగి ఆగింది. చూస్తే నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. గోడ నిటారుగా ఉంది, దారమే వంకరగా వేలాడుతోంది. గాలికి వేలాడినట్టు, వీధివైపు ఒరిగి. గాలి లేదు. తడికలు ఆకు కదలనీయడం లేదు. మళ్ళీ వదిలాను. మళ్ళీ అట్లాగే.

అప్పుడు నేను అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

"ఈ రోడ్డు కింది రాళ్ళల్లో ఇనుముండాదప్పా. నా గుండు గూడా ఇనుమే కదా, దాన్ని లాగుతాండాది" అన్నాను.

ఇంటాయన రోడ్డువైపు చూడబోయి, తడిక అడ్డం ఉండటంతో తడికనే చూసి తలూపాడు. ఆ రోడ్డు మీద ఆయనకు ముందునుంచీ కొన్ని అనుమానాలున్నాయి. కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, మేస్త్రీ చెబితే సరే అనుకున్నారు. గుండు చుట్టి సంచిలో పెట్టేశాను. ముప్పై ఏళ్ళు నిండని మనిషిని, నాయన చేతినుంచి వచ్చిన పనిముట్టును అబద్ధమాడుతోందని పక్కన పెట్టాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇనుము అన్నానే గానీ, నా అసలు భయం వేరు. నాలో ఏదో చెడింది. బుర్ర చెడిందా, కన్ను చెడిందా? కన్ను చెడితే ఇక నేనేం మేస్త్రీని? ఆ గోడమీదికి మిద్దె కప్పే రాతి బండలు ఎక్కబోతున్నాయి. ఒక్కో బండను మోయడానికి ఎనిమిది మంది కావాలి. ఆ మిద్దె కింద ఇంటాయన భార్య, ఇద్దరు పిల్లలు పడుకోబోతున్నారు. బండలు అప్పటికే బండ్లలో వచ్చి బయట దిగాయి. మిగతా గోడలు లేవగానే ఎక్కించాలి. చెప్పనా వద్దా అని తెల్లవార్లూ కొట్టుకుని, చెప్పకుండానే మరునాడు పనికి పోయాను. భయం ఎక్కువైతే నాకు మాట పెగలదు, కోపం మాత్రం వస్తుంది.

ఆ మధ్యాహ్నం లోపలే కూర్చుని భోంచేస్తున్నాం. నా భార్య వెడల్పాటి ఇత్తడి గిన్నెలో మజ్జిగ పోసి నా ముందు పెట్టింది. చూశాను. మజ్జిగ ఒరిగి ఉంది. వీధివైపు ఎత్తుగా, కొండవైపు పల్లంగా. గిన్నె సరిగ్గా పెట్టలేదని విసుక్కుని కింద చిన్న రాయి దోపాను. గిన్నె అంచు మారింది గానీ మజ్జిగ మారలేదు. ఇంకో రాయి దోపాను. మజ్జిగ నేలమీద పడింది.

"ఏం చేస్తాండావు బావా?"

"మజ్జిగ వంకరగా ఉంటే సరిచేస్తాండాను."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గిన్నెవైపు చూసింది, నావైపు చూసింది.

"నీకు గూడా అట్లే కనబడుతాండాదా?" అంది. "నాకు వచ్చిననాటినుంచీ నీళ్ళ కుండలో అట్లే ఉండాది. నేను చెప్తే తిడతావని చెప్పలేదు. సరే, గుండును రోడ్డు లాగింది. మజ్జిగలో గూడా ఇనుముండాదా?"

ఆమె లేచి గోడ పక్కన నిలబడింది.

"నేను ఈడికి గంపతో వచ్చేటప్పుడు కండ్లు మూసుకుంటాను. మూస్తే తల నిలకడగా ఉంటాది, గంప జారదు. తెరిస్తేనే తిప్పుతాది. అంటే కండ్లే మోసం చేస్తాండాయి. నువ్వు గూడా మూసి చూడు. గోడ ఎట్లుండాదో నీ ఒళ్ళే చెప్తాది."

మూయనన్నాను. ఎందుకు అంది. మూయనంతే అన్నాను. ఆమె వచ్చి నా రెండు చేతులూ పట్టి లేపింది, గోడ ముందు నిలబెట్టింది, తన అరచేతితో నా కళ్ళు మూసింది.

నేను పక్కనే ఆమె తెచ్చి పోసిన సున్నం కుప్పలో పడ్డాను. పక్కకు ఒరిగిన సంగతి కూడా నాకు తెలియలేదు. మోచేతుల దాకా సున్నం, మొహమంతా సున్నం. ఆమె కొంగుతో నా కళ్ళు తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది.

"ఆ రోజు తొట్టి కాడ రాయి జారలేదు కదా?" అంది.

లేదన్నాను. అన్నాక ఏడుపు వచ్చింది. ఆమె ముందు ఏడవడం అదే మొదలు.

ఆమె నన్ను ఓదార్చలేదు. కొడవలి తీసుకుని తడికల కట్లు కోయడం మొదలుపెట్టింది. వీధివైపు తడిక మొత్తం దబ్బున పడింది. ఎండ లోపలికి కొట్టింది. ఆమె పక్క తడికలు కూడా పడగొట్టింది. నేను బయటికి పోయి రోడ్డు మీద నిలబడి వెనక్కి తిరిగి చూశాను. కొండ ఉంది, కరెంటు కంబం ఉంది, పక్కింటి గోడ ఉంది. వాటి మధ్య నా గోడ వీధిమీదికి తొంగి చూస్తోంది. గుండు తెచ్చి వేశాను. దారం ఇప్పుడు బుద్ధిగా నిలువుగా దిగింది. గోడ పైన బెత్తెడు బయటికి ఉంది. ఆ బెత్తెడు మీద మిద్దె బండలు పెట్టి ఉంటే ఏమయ్యేదో ఏ కూలీని అడిగినా చెబుతాడు.

చిత్రమేమిటంటే, ఆ క్షణంలో నాకు సిగ్గుకంటే ముందు ఊపిరి ఆడింది. బుర్ర చెడలేదు. రోడ్డు లాగలేదు. ఎండలో, అన్నీ కనబడే చోట నా కన్ను నా గోడను వంకర అని నాకే చెప్పింది. ఇంకా పనిచేస్తోంది.

ఇంటాయన అరుచుకుంటూ వచ్చాడు. "తడికలెవరు తీసినారు? బస్సు వచ్చే పొద్దప్పా ఇది!" గోడను చూశాక అరుపు ఆగింది. చెవి సంగతీ, సీకాయ సంగతీ, గుండు సంగతీ అన్నీ చెప్పేశాను. పని పోయిందనే అనుకున్నాను. ఆయన గుంజ దగ్గరికి పోయి, దానిపక్కన నిటారుగా నిలబడి, తన భుజానికీ గుంజకూ మధ్య ఎడం చూసుకున్నాడు.

"గుంజలు పాతించింది నేనే కదప్పా" అన్నాడు చివరికి. "బండలు ఎక్కకముందే తెలిసింది. పిల్లోళ్ళు బతికినారు. పోయి ముందు చెవి చూపించుకో."

మరునాడు ఇద్దరం ఆస్పత్రికి పోయాం. డాక్టరు తమిళాయన, పెద్దవాడు, తొందర లేని మనిషి. చెవిలో లైటు వేసి చూశాడు. పాదాలు దగ్గరగా పెట్టి కళ్ళు మూయమన్నాడు, ఒరిగిపోతుంటే పట్టుకున్నాడు. తర్వాత తన బల్ల ముందున్న కుర్చీ వీపును వేళ్ళతో తాకుతూ మళ్ళీ కళ్ళు మూయమన్నాడు. కాస్త ఊగాను గానీ పడలేదు. నాకు ఆశ్చర్యమైంది. నా భార్య "ఊఁ" అంది, పరీక్ష తానే పెట్టినట్టు.

ఆయన తమిళంలో చెప్పింది మొత్తం అర్థమైందని అనను. అర్థమైనంత చెబుతాను. చెవి వినడానికే కాదట. దాని లోపల మనిషి ఎటు ఒరుగుతున్నాడో కనిపెట్టే చోటు ఒకటుందట, చీము అక్కడిదాకా పోయిందట. మనిషి నిలబడటం అనేది కన్నూ, చెవీ, పాదాలూ కలిసి కావడి మోసినట్టు మోసే పనట. ఒకరు జబ్బుపడితే మిగిలినవాళ్ళు ఎక్కువ మోస్తారట. నాకు కన్ను ఎక్కువ మోస్తోంది. కంటికి చుట్టూ ఏది కనబడితే అదే నిటారు. అది మోసపోతే కాదని చెప్పేవాడు లోపల లేడు.

"నయమవుతుందా సార్?" అన్నాను.

చెవి పూర్తిగా కాకపోవచ్చు, ఒళ్ళు మాత్రం నేర్చుకుంటుంది అన్నాడు. చీకట్లో ఎత్తు ఎక్కవద్దు, ఏటిలో మునగవద్దు, రోజూ కాస్త దూరం నడువు. "మేస్త్రీ పని?" అని నా భార్యే అడిగింది. ఆయన చేతిని గుండులా ఆడించి, గుండు ఉంది కదా అన్నాడు.

బస్టాండు పక్కన టీ అంగడిలో కూర్చున్నాం. ఊరికే నవ్వు వచ్చింది. మజ్జిగ కింద రాయి దోపిన సంగతి తలుచుకుని ఇద్దరం అంగడివాడు తిరిగి చూసేటట్టు నవ్వాం. అప్పటినుంచి నేను మనుషుల్ని చూసే తీరు కూడా మారింది. ఊరికి పోయే దారిలో సూళగిరి దాటి బస్సు మలుపు తిరిగేటప్పుడు చెట్లు ఒరిగినట్టు కనబడితే, పక్కనున్నవాడికీ అట్లాగే కనబడుతోందా అని మొహం చూస్తాను. ఎవడైనా తనకు తోచిందే సరి అని గట్టిగా వాదిస్తే, వీడి చుట్టూ ఏ తడికలున్నాయో అనుకుంటాను. వాదన మానను గానీ, అనుకుంటాను.

గోడ నేనే విప్పాను. ఒక్కో రాయీ దించి, పాత సున్నం గీకి, మళ్ళీ మొదటినుంచి పేర్చాను. ఇంటాయన ఈసారి గడ్డిబొమ్మతో సరిపెట్టుకున్నాడు. ప్రతి వరుసకూ గుండు వేశాను, మూలలకే కాదు, నడిమికి కూడా. దారిన పోయే మేస్త్రీ ఒకడు చూసి, "కంటితో కట్టేవానివంట కదప్పా, ఇదేంది?" అని నవ్వాడు. నాకు కోపం రావాలి. రాలేదు. నిదానంగా సాగిన పని అయినా, రాత్రిళ్ళు నిద్ర పట్టింది.

మిగతా గోడలు కూడా లేచి, బండలు ఎక్కించే రోజు వచ్చింది. మట్టి వాలు పోసి, ఎనిమిది మంది మొదటి బండను తాళ్ళతో పైకి చేర్చారు. అందరూ గోడకు దూరంగా నిలబడ్డారు. నేను లోపలికి పోయాను.

"ఈ పొద్దు లోపల ఏం పనుండాది నీకు?" అంది నా భార్య.

"గోడ నాది" అన్నాను.

ఆమె గుమ్మం బయటే నిలబడింది, మొహం పాలిపోయి. నేను వీధిగోడకు అరచేయి ఆనించి కళ్ళు మూశాను. పైన మనుషుల కేకలు, తాళ్ళ చప్పుడు, బండ రాయిమీద గీరుకున్న చప్పుడు. బరువు దిగింది. అరచేతికి చిన్న అదురు తగిలి ఆగిపోయింది. గోడ కదలలేదు. దాన్ని పట్టుకుని చీకట్లో నిలబడ్డ నేను కూడా కదలలేదు. ఇటు ఊగలేదు, అటు ఒరగలేదు. జ్వరం వచ్చిన తర్వాత అంతసేపు కళ్ళు మూసుకుని నిలబడటం అదే మొదటిసారి.

"బావా," అంది ఆమె బయటినుంచి, "రెండో బండ ఎత్తేదా అని అడుగుతాండారు."

ఎత్తమన్నాను, కళ్ళు తెరవకుండానే.